మనోడే కదా, పెట్టేద్దాం!

పోయిన ఏడాది ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ కౌంటర్ బాధ్యత నాది. కౌంటర్లో కూర్చోడానికి ఆరుగురు కావాలి. ఇష్టమున్నవాళ్ళు పేర్లివ్వండని గ్రూపులో మెసేజ్ పెడితే పద్దెనిమిది పేర్లొచ్చాయి. అందులోంచి ఆరుగురిని ఎంచడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలుసా? మెస్‌లో సాంబారు చల్లారేలోపు అయిపోయింది. మా రూమ్మేట్ ఒకడు, వాడి ఫ్రెండ్ ఇంకొకడు, క్రికెట్ టీమ్‌లో ఇద్దరు, ఒక సీనియర్ అన్న ఫోన్ చేసి చెప్పిన వాళ్ళ తమ్ముడు. అయిదుగురయ్యారు. ఆరో పేరు తట్టక లిస్టులో పైనున్న సెకండియర్ ఈసీఈ అమ్మాయి పేరు రాసేశా. ఆమె ఎవరో కూడా నాకప్పటికి తెలీదు.

ఫెస్ట్ మొదటిరోజు పొద్దున పదింటికి జనం మొదలయ్యారు. గూడూరులో రైలు దిగి, బస్సెక్కి కోట దాకా వచ్చి, అక్కణ్ణించి ఆటోల్లో వచ్చినవాళ్ళు చాలామంది. స్పాట్ రిజిస్ట్రేషన్ చేసుకున్నవాళ్ళ పేర్లు అప్పటికప్పుడు షీట్‌లో ఎక్కించాలి. మావాడొకడు "తర్వాత ఎక్కిద్దాంలే" అని కాగితం మీద రాసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డాన్స్ రిహార్సల్ చూడ్డానికి పోయాడు. ఆ కాగితంలో ఒక నలుగురి పేర్లున్నాయి. తెల్లవారుజామున బయల్దేరి పేపర్ ప్రెజెంటేషన్ కోసం వచ్చిన బ్యాచ్ అది. హాల్లో లిస్టు చూస్తే వాళ్ళ పేర్లు లేవు. మళ్ళీ కౌంటర్‌కొచ్చి అడిగితే అక్కడున్న మా క్రికెట్ వీరుడు ఫోన్‌లోంచి తలెత్తకుండా "లిస్టులో లేదంటే లేదు బ్రో" అన్నాడు.

లేచింది ఆ ఈసీఈ అమ్మాయి. పేమెంట్ స్క్రీన్‌షాట్ అడిగి చూసింది, నలుగురికి ఫోన్లు చేసింది, ఆడిటోరియం దాకా నడిచిపోయి ఆ కాగితం వాడి జేబులోంచి తీయించింది. ఒంటిగంట అయింది. వాళ్ళ స్లాట్ అప్పటికే అయిపోయింది. డబ్బులు వెనక్కిచ్చాం, సారీ చెప్పాం. వెళ్తూ వెళ్తూ వాళ్ళలో ఒకతను "మీ కాలేజీకి ఇంకోసారి రాం" అన్నాడు. ఎవరితో అన్నాడు? ఆ అమ్మాయితో. అప్పుడు కౌంటర్లో ఉన్నది ఆమె ఒక్కతే కాబట్టి. పొద్దుట్నించి టిఫిన్ కూడా తినకుండా పనిచేసిన మనిషి ఆ మాట పడింది. కాగితం జేబులో పెట్టుకున్నవాడు పడలేదు. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టిన నేనసలే పడలేదు. నేనప్పుడు స్టేజి వెనకాల ముఖ్య అతిథి బొకే సర్దుతున్నా.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. తప్పు మనిషిని పనిలో పెట్టినప్పుడు దాని ఖర్చు పెట్టినవాడు కట్టడు. కౌంటర్ అవతల నిలబడ్డవాడు కడతాడు, కౌంటర్ ఇవతల బాగా పనిచేసే పక్కమనిషి కడతారు. అందుకే పెట్టేవాళ్ళకి భయం ఉండదు.

మా జేజికి నెలకోసారి ఒక ఆఫీసులో పనుంటుంది. ఏ ఆఫీసో చెప్పను. అక్కడ రెండు కౌంటర్లు. ఒక కౌంటర్లో ఒక పాప కూర్చుంటుంది. వేలిముద్ర పడకపోతే చెయ్యి తుడిచి, ఇంకో వేలు పెట్టించి, కాకపోతే ఎప్పుడు రావాలో చెప్పి పంపిస్తుంది. రెండో కౌంటర్లో ఒకాయన. "సర్వర్ డౌన్" అన్నది ఆయనకు నమస్కారం లాంటి మాట. మా జేజి బయల్దేరేముందు నాకు ఫోన్ చేసి చెప్పే మాట ఒకటే: "అబ్బయా, ఆ పాప వచ్చుండాదా లేదా కనుక్కోరా." పాప లేకపోతే ఆరోజు ఆమె కదలదు. స్టార్లు, రేటింగులు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు అని కంపెనీలు ఎన్ని పెట్టినా, మా జేజి ఇచ్చే రేటింగ్ కంటే నిజమైంది నేను చూడలేదు.

కానీ దీంట్లో ఒక అన్యాయం ఉంది. బాగా పనిచేస్తుంది కాబట్టి పాప ముందు క్యూ పెరుగుతుంది. పక్కాయన ముందు ఎవరూ ఉండరు, ఆయన హాయిగా టీకి పోతాడు. నెలాఖరుకి ఇద్దరికీ జీతం ఒకటే. ఇట్లా ఒక రెండేళ్ళు గడిచాక ఆ పాప ఏం నేర్చుకుంటుంది? అయితే ఉద్యోగం మారుతుంది, లేదా ఆమె కూడా "సర్వర్ డౌన్" అనడం నేర్చుకుంటుంది.

మనం ఇంజినీరింగ్ వాళ్ళం కదా, కొంచెం లెక్క కూడా వేద్దాం. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో క్యూయింగ్ థియరీ చదివినవాళ్ళకి (పరీక్షకు ముందురోజు రాత్రి చదివినవాళ్ళకి కూడా) గుర్తుండే ఉంటుంది. ఒక కౌంటర్‌కి గంటకి సగటున 9 మంది వస్తున్నారు, కౌంటర్ గంటకి 12 మందికి పనిచేసి పంపగలదు అనుకుందాం. మామూలు ఎమ్ ఎమ్ వన్ మోడల్ ప్రకారం ఒక మనిషి అక్కడ గడిపే సగటు సమయం 12 లోంచి 9 తీసేస్తే వచ్చిన 3 కింద ఒకటి. అంటే గంటలో మూడోవంతు, 20 నిమిషాలు. ఇప్పుడు అక్కడ కాస్త నెమ్మది మనిషిని కూర్చోబెట్టండి. మరీ పనికిరానివాణ్ణి కాదు, గంటకి 12 బదులు 10 మందికి చేసేవాణ్ణి. ఒక్కో మనిషికి 5 నిమిషాలు పట్టేది 6 నిమిషాలైంది, అంతే. మేనేజర్ కంటికి తేడా కూడా తెలీదు. కానీ 10 లోంచి 9 తీసేస్తే ఒకటి. సగటు సమయం 60 నిమిషాలు. ఒక్క నిమిషం తేడాకి జనం మూడింతలసేపు నిలబడాలి.

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను పొరపాటు చేశాననుకుని మళ్ళీ వేశా. పొరపాటు లేదు. బిజీగా ఉండే కౌంటర్లో కొంచెం బలహీనత కొంచెంగా ఉండదు.

నెమ్మది వేరే, నిర్లక్ష్యం వేరే. నిర్లక్ష్యం అంటుకుంటుంది. అమెరికాలో విల్ ఫెల్ప్స్ అనే పరిశోధకుడు విద్యార్థుల చిన్న చిన్న బృందాల్లో ఒక నటుణ్ణి కలిపి పని చేయించాడు. నటుడి పని చెడగొట్టడమే. ఒక బృందంలో ఎగతాళి చేస్తాడు, ఇంకో బృందంలో ఏ పనీ చేయకుండా కూర్చుంటాడు, మరోదాంట్లో "ఇది అయ్యేది కాదు" అని ముఖం వేలాడేస్తాడు. అట్లాంటి మనిషి ఉన్న బృందాల పని మిగతావాటికంటే 30 నుంచి 40 శాతం తగ్గింది. దానికంటే వింత ఏంటంటే మిగతావాళ్ళు వాడిలాగే మారిపోయారు. వాడు కాళ్ళు చాపితే వీళ్ళూ చాపారు. మన ల్యాబ్‌లో జరిగేది ఇదే కదా!

2015లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చిన ఇంకో పేపర్ ఉంది, హౌస్‌మన్, మైనర్ అనే ఇద్దరు రాసింది. 11 కంపెనీల్లో 50 వేలమందికి పైగా ఉద్యోగుల వివరాలు చూసి వాళ్ళు తేల్చిందేమంటే, అందరికంటే పైనున్న ఒక్క శాతంలోకి వచ్చే మెరికను తెచ్చుకుంటే కంపెనీకి సుమారు 5,300 డాలర్ల లాభం. టీమ్‌ని పాడుచేసే ఒక్కణ్ణి తీసుకోకుండా ఆగగలిగితే సుమారు 12,500 డాలర్లు మిగులుతుంది. మన ప్లేస్‌మెంట్ పోస్టర్ల మీద టాపర్ ఫొటోలే ఉంటాయి. ఎవర్ని తీసుకోకుండా ఆగారో ఆ పోస్టర్ ఎవరూ వెయ్యరు.

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. దీని గురించి గట్టిగా ఎవరూ మాట్లాడరు గానీ ప్రతి ఊళ్ళో ఒకరికి తెలుసు. అమీర్‌పేటలో రెజ్యుమెకి లేని అనుభవం మూడేళ్ళో నాలుగేళ్ళో కలుపుతారు. వీడియో ఇంటర్వ్యూలో ఒకడు పెదాలు కదిలిస్తే ఇంకొకడు జవాబు చెప్తాడు. ఉద్యోగం వస్తుంది. వచ్చాక? పని రాదు. దానికీ ఒక వ్యాపారం ఉంది, పేరు "జాబ్ సపోర్ట్". అమెరికాలో పగలు ఉద్యోగం, ఆ పని ఇక్కడ హైదరాబాద్‌లో రాత్రిపూట ఇంకొకడు చేసిపెడతాడు, నెలకింతని డబ్బు తీసుకుని. నాకు తెలిసిన ఒకన్న రెండేళ్ళు ఈ సపోర్ట్ ఇచ్చాడు. "నేను వాడికంటే బాగా పనిచేస్తా, కానీ ఇంటర్వ్యూలో నేను సెలెక్ట్ కాలేదు" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు రాలేదు.

దీంట్లో కస్టమర్ ఎక్కడున్నాడని అడుగుతారేమో. ఏదో బ్యాంకు వెబ్‌సైట్‌లో డబ్బులు ఇరుక్కుపోయి కంప్లయింట్ పెట్టి ఎదురుచూసే మనిషి ఉంటాడు చూడండి, అతనే. అతని కంప్లయింట్ టికెట్ ఎవరి దగ్గరుందో వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యేవాడు ఇక్కడ నిద్ర లేచేదాకా ఆగాలి. లేదా పక్క సీటులో ఉన్న నిజమైన అనుభవస్థురాలు తన పని పక్కనపెట్టి వీడిది చెయ్యాలి. ఆమె కూడా మన తెలుగమ్మాయే అయితే ఇంకో చిక్కు. తర్వాత వచ్చే ప్రతి తెలుగు రెజ్యుమెనీ ఆ మేనేజర్ రెండుసార్లు అనుమానంగా చూస్తాడు. ఆ అనుమానం రేపు మనం ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు మన ఎదురుగా ఉంటుంది.

వాణ్ణి తిట్టడం సులువు. ఎడ్యుకేషన్ లోను, ఇంట్లో చెల్లెలి పెళ్ళి, వీసా గడువు. నేను వాడి చోట ఉంటే ఏం చేసేవాణ్ణో ఒట్టేసి చెప్పలేను. అయినా ఇది అమీర్‌పేటలో మొదలవదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు బ్యాచ్‌లో మొదలవుతుంది. నలుగురి పేర్లు, ఒకడి పని. రిపోర్టు మీద నలుగురూ సంతకం చేస్తాం. నాలుగు రెజ్యుమెల్లోనూ "నేను తయారుచేశాను" అని ఒకటే వాక్యం. కంపెనీ వచ్చి అది చదివి తీసుకుంటుంది. అందులో ముగ్గురిని కంపెనీ తప్పుగా తీసుకుందంటే ఆ తప్పు మీద మొదటి సంతకం ఎవరిది? పని చేసిన ఆ ఒక్కడిది కూడా. "పోనీలే, మనోడే కదా" అని పేరు రాసింది వాడే.

మన తీరంలో అలివి వల లాగడం చూసినవాళ్ళకి ఇది వేరేగా చెప్పక్కర్లేదు. ఇసకలో రెండు వరసలుగా నిలబడి తాళ్ళు లాగుతారు. ఒకడు చెయ్యి వదిలేసి ఊరికే తాడు పట్టుకున్నట్టు నటిస్తే, వాడి ముందువాడికీ వెనకవాడికీ అరచేతిలో తెలిసిపోతుంది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు సరిగ్గా ఈ తాడు లాగుడునే కొలిచి 1913లో అచ్చువేశాడు. ఒక్కడే లాగినప్పటి బలంతో పోలిస్తే, ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా సుమారు సగానికి పడిపోయింది. ఆ ఎనిమిదిమంది లాగిన దాంట్లో చేపలు లేవు మరి. చేపలు వాటాలేసుకునే చోట ఒకడు వదిలేస్తే పక్కవాడు అరుస్తాడు. మన ప్రాజెక్టు బ్యాచ్‌లో ఎవరూ అరవరు, మార్కులు అందరికీ సమానం కాబట్టి.

మరి ఎట్లా ఎంచాలి? రాతపరీక్ష పెడితే సరిపోతుందనే వాళ్ళు చాలామంది. మన రాష్ట్రంలో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం దాదాపు 1.26 లక్షల పోస్టులకి నోటిఫికేషన్ వస్తే 21 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. సెప్టెంబర్ 1 నుంచి 8 దాకా పరీక్షలు, అక్టోబర్ 2న సచివాలయాలు మొదలు. ఇంటర్వ్యూలు లేవు. మన సీనియర్లు ఎంతోమంది ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా, డిజిటల్ అసిస్టెంట్లుగా చేరారు. ఇంటర్వ్యూ లేకపోవడం చిన్న విషయం కాదు. సిఫార్సు లేని ఇంటి పిల్లలకి అది ఎంత పెద్ద ఊరటో మన ప్రాంతంలో పుట్టినవాళ్ళకి తెలుసు. నేను దాన్ని తప్పుపట్టను.

కానీ జనరల్ స్టడీస్ ప్రశ్నాపత్రం ఒక ముసలామెతో నాలుగోసారి అదే మాట విసుక్కోకుండా చెప్పగలవా అని అడగదు. పరీక్ష సిఫార్సుని ఆపుతుంది, ఓపికని కొలవదు. ఓపిక కొలవాలంటే మనిషిని ఆ పనిలో కాసేపు పెట్టి చూడాలి. ఆ తర్వాత నేర్పాలి కూడా. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైనప్పుడు బండి నడిపేవాణ్ణి డ్రైవర్ అనకుండా "పైలట్" అన్నారు. వెనక రోగి దగ్గర కూర్చునే మనిషికి ఈఎమ్‌టీ అని వేరే ఉద్యోగం, ఫోనెత్తేవాళ్ళు ఇంకొకరు. ఎవరి పని వాళ్ళకి, శిక్షణ ఇచ్చాకే బండెక్కించడం. ఆ సేవ మీద తర్వాత ఎన్ని విమర్శలొచ్చినా, రాత్రి రెండింటికి పల్లెటూళ్ళో ఒకడు ఫోన్ చేసి, బండి వస్తుందని నమ్మి రోడ్డు మీద నిలబడ్డాడంటే ఆ నమ్మకం ముందు ఫోనెత్తిన గొంతు వల్లే వచ్చింది.

ఇంకో రకం తప్పు కూడా ఉంది. అసలు మనుషుల్నే సరిపడా తీసుకోకపోవడం. 2025 డిసెంబర్ మొదటివారం ఇండిగో విమానాలు ఎట్లా ఆగిపోయాయో అందరం రీల్స్‌లో చూశాం. పైలట్ల విశ్రాంతి నియమాలు హఠాత్తుగా వచ్చినవి కావు. మొదటి దశ జూలైలోనే అమలైంది, రెండోది నవంబర్ 1 నుంచి. దానికి తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోకపోతే ఏమవుతుందో డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దయినప్పుడు తెలిసింది. ఆ రీల్స్‌లో జనం అరిచింది ఎవరి మీద? కౌంటర్లో నిలబడ్డ ఇరవైరెండేళ్ళ పిల్లల మీద. లెక్క తప్పినవాళ్ళు ఏ రీల్‌లోనూ కనపడలేదు. ఇంకో రెండేళ్ళలో ఆ కౌంటర్లో నిలబడేది మనమే, అది విమానాశ్రయం కావచ్చు, సపోర్ట్ సెంటర్ కావచ్చు. "వీక్ టీమ్" అనే మాట వాడేముందు ఆ టీమ్‌కి ఎంతమందిని ఇచ్చారో కూడా అడగాలి.

నిజానికి "వీక్" అనే మాట నాకు ఇప్పుడు పూర్తిగా నమ్మకం లేదు. "లిస్టులో లేదంటే లేదు బ్రో" అన్న మా క్రికెట్ వీరుణ్ణి ఫెస్ట్ రెండోరోజు కౌంటర్లోంచి తీసి ఫుడ్ స్టాల్స్ దగ్గర వేశాం, ఇంకేం చెయ్యాలో తెలీక. అక్కడ అయిదొందలమందిని ఒక్కడే నవ్వుతూ లైన్లో నిలబెట్టాడు. ఇద్దరు కొట్టుకోబోతే మధ్యలో దూరి ఇద్దరికీ జ్యూస్ తాగించాడు. కుర్చీలో కూర్చుని షీట్ నింపడం వాడి ఒంటికి పడలేదు, అంతే. వాణ్ణి తప్పు కుర్చీలో కూర్చోబెట్టింది నేను. కాగితం జేబులో పెట్టుకున్నవాడి గురించి మాత్రం ఇంత మంచి వార్త నా దగ్గర లేదు. వాడికి అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, రూమ్‌లో మొహాలు చూసుకోవాలి కదా. ఆ మౌనం కూడా నా తప్పుల లిస్టులో రాసుకోండి.

ఆ ఈసీఈ అమ్మాయి తర్వాత ఏ క్లబ్‌లోనూ చేరలేదు. ఈ జనవరిలో లైబ్రరీ దగ్గర కనపడితే, ఈసారి కౌంటర్ టీమ్‌ని నువ్వే ఎంచు అని అడిగా. "నేను ఎంచితే మీ ఫ్రెండ్స్‌కి కోపాలొస్తాయన్నా" అంది. రానీ అన్నాను. రెండురోజులు ఆలోచించి ఒక షరతు పెట్టింది: పేర్లు రాసుకోవడం ఉండదు, వచ్చినవాళ్ళందరూ ఒక గంట పనిచేసి చూపించాలి.

కాబట్టి వచ్చే శనివారం మధ్యాహ్నం రెండింటికి సెమినార్ హాల్‌కి రండి. ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్, ఒక తప్పుల షీట్ ఉంటాయి. కౌంటర్ అవతల కోపంగా ఉన్న పార్టిసిపెంట్‌గా మా మెస్ అన్న నటిస్తానన్నాడు, సాంబారు గురించి మనం ఇన్నేళ్ళూ అన్న మాటలన్నీ ఆయనకి కంఠతా ఉన్నాయి. ఎంపిక చేసేది ఆమె. నాకు ఫోన్ చేసి "అన్నా, మా తమ్ముడొకడున్నాడు" అనొద్దు. ఇది రాస్తుండగానే మా రూమ్మేట్ అడిగాడు, వాడి పేరు ఉందా అని. శనివారం రమ్మన్నాను. ఇప్పటిదాకా మాట్లాడలేదు.